పాత కోడు పక్షాన ఒక ముందుమాట

జావా నేర్పే పుస్తకాలన్నీ ఖాళీ ఫోల్డరుతో మొదలవుతాయి. ఉద్యోగం అలా మొదలవదు. కొత్తగా చేరిన కుర్రాడి చేతికొచ్చేది ఏళ్ల తరబడి నడుస్తున్న ప్రాజెక్టు. అందులో వేల క్లాసులు, ఎవరు రాశారో తెలియని యుటిలిటీలు, సోర్సు ఎక్కడుందో ఎవరూ చెప్పలేని రెండు మూడు జార్ ఫైళ్లు. టెస్టులు ఉండవు. రాసినవాళ్లలో కొందరు అమెరికాలో, కొందరు వేరే కంపెనీల్లో. అయినా ఆ కోడు మీదే నెలనెలా జీతాలు పడుతున్నాయి, బీమా పాలసీలు రెన్యూ అవుతున్నాయి, అప్పుల మీద వడ్డీ లెక్క తేలుతోంది. దాన్ని ఆపడానికి వీల్లేదు, పారేయడానికి వీల్లేదు, అలాగే వదిలేయడానికీ వీల్లేదు. ఈ ఇరకాటంలో ఉన్నవాడికి చెయ్యందించే తెలుగు పుస్తకం నా కంటబడటం ఇదే మొదటిసారి. ముందుమాట రాయమని రచయిత్రి అడగగానే సంతోషంగా ఒప్పుకున్నాను.

పుస్తకం చెప్పేది ఇది. పాత జావా క్లాసును కదపకుండా దాని చుట్టూ పల్చటి పొర ఒకటి కట్టి, ఆ పొరను డిపెండెన్సీ ఇంజెక్షన్ కంటైనరుకు అప్పజెప్పాలి. కొత్త కోడు ఆ పొరతోనే మాట్లాడాలి. వినడానికి ఇంతే. చేయబోతే ఎక్కడెక్కడ కాలు జారుతుందో తెలిసినవాళ్లు మాత్రమే ఇలాంటి పుస్తకం రాయగలరు. ఈ అమ్మాయికి తెలుసు. మా టీములో చేరిన రోజు నుంచి ఆమె పనిచేసింది మెయింటెనెన్స్ ప్రాజెక్టుల్లోనే. మనవాళ్లలో ఆ మాటకు ఉన్న చిన్నచూపు అందరికీ తెలిసిందే. పెళ్లిచూపుల్లో సైతం "డెవలప్‌మెంటా, సపోర్టా?" అని అడిగేవాళ్లున్నారు. సపోర్టులో పడ్డామని దిగులుపడే పిల్లల్ని చాలామందిని చూశాను. ఆ దిగులు ఈ పుస్తకంలో ఒక్క పేజీలోనూ కనబడదు. పాత కోడును చదివి అర్థం చేసుకోవడం కొత్త కోడు రాయడం కంటే పెద్ద విద్య అని ఆమె నమ్మింది. నేనూ నమ్ముతాను.

ఈ పాత కోడు సమస్య ఎలా పుట్టిందో కొత్త పాఠకులకు చెప్పే బాధ్యత నాలాంటి పాతవాళ్లది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ మొదలయ్యేనాటికి జావా వయసు మూడేళ్లు. అమీర్‌పేటలో కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా బ్యాచ్‌లు కిటకిటలాడేవి. సర్వ్‌లెట్లు, జేఎస్‌పీలు, ఆ తర్వాత ఈజేబీలు. ఈజేబీల రోజుల్లో ఒక బీన్ కావాలంటే జేఎన్‌డీఐలో దాని పేరు పెట్టి వెతకాలి, వచ్చినదాన్ని క్యాస్ట్ చేయాలి, హోమ్ ఇంటర్‌ఫేసులో క్రియేట్ అని పిలవాలి, మధ్యలో వచ్చే ఎక్సెప్షన్లన్నీ పట్టుకోవాలి. అసలు పని రెండు లైన్లయితే వెతుకులాట పది లైన్లు. అంత బరువు వద్దనుకున్నవాళ్లు సింగిల్టన్ రాసేవారు. ప్రైవేటు కన్‌స్ట్రక్టరు, స్టాటిక్ గెట్‌ఇన్‌స్టెన్స్, పని అయిపోయింది. ఎక్కడి నుంచైనా పిలవొచ్చు. 1994లో నలుగురు రచయితలు కలిసి రాసిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంలో సింగిల్టన్‌కు స్థానముంది కాబట్టి అది పెద్దల ఆమోదం ఉన్న పద్ధతే. ఇంటర్వ్యూలో కూర్చోగానే "సింగిల్టన్ రాయండి" అనేవారు. రెండుసార్లు చెక్ చేసి లాక్ పెట్టే పద్ధతి రాస్తే మెచ్చుకునేవారు కూడా. ఆ పద్ధతి అప్పటి జావా మెమరీ మోడల్‌లో నమ్మదగినది కాదని, 2004లో జావా 5 వచ్చి వొలటైల్ అర్థాన్ని సరిచేశాకే నిలబడిందని చాలామందికి ఆలస్యంగా తెలిసింది. ఆ పాత పద్ధతిలో రాసిన క్లాసులు ఇప్పటికీ ప్రొడక్షన్‌లో ఉన్నాయి.

రాడ్ జాన్సన్ 2002లో జే2ఈఈ మీద పెద్ద పుస్తకం రాశాడు. దానితోపాటు ఇచ్చిన కోడే పెరిగి స్ప్రింగ్ అయింది. 2004 మార్చిలో స్ప్రింగ్ 1.0 వచ్చింది. అదే ఏడాది జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న పేరు స్థిరపడింది. 2007లో గూగుల్ నుంచి జూస్ వచ్చింది. 2009లో జేఎస్‌ఆర్ 330తో ఇంజెక్ట్ అన్న అనోటేషన్ అందరికీ ఉమ్మడి అయింది. జూస్‌ను తెచ్చిన బాబ్ లీ, స్ప్రింగ్‌ను తెచ్చిన రాడ్ జాన్సన్ ఇద్దరూ కలిసి ఆ ప్రమాణాన్ని నడిపించారు. ఆలోచన మాత్రం మొదటి నుంచీ ఒకటే. క్లాసు తనకు కావలసినదాన్ని తానే వెళ్లి తెచ్చుకోకూడదు. కన్‌స్ట్రక్టరులో ఏమేం కావాలో చెప్పాలి, ఇచ్చేవాళ్లు బయట ఉంటారు. అలా రాసిన క్లాసుకు టెస్టులో నకిలీది ఇవ్వొచ్చు, ప్రొడక్షన్‌లో అసలుది ఇవ్వొచ్చు. క్లాసుకు తేడా తెలియదు.

అయితే 2004 వచ్చిందని అంతకుముందు రాసిన కోడు మారిపోలేదు. ఇక్కడ రచయిత్రి చెప్పిన ఒక మాట నాకు ఎంతో నచ్చింది. అనోటేషన్లు జావాలోకి వచ్చిందే 2004లో, జావా 5తో. జెనరిక్స్ కూడా అప్పుడే. అంతకుముందు రాసినవాణ్ణి ఇవేవీ వాడలేదేమని నిందించడం అన్యాయం అంటుంది. "ఎవడు రాశాడీ చెత్త?" అనే మాట ప్రతి ఆఫీసులోనూ వినిపిస్తుంది. ఈ పుస్తకం చదివిన పాఠకుడు ఆ మాట అనడానికి ముందు ఫైలు పైన ఉన్న తేదీ చూస్తాడు.

రెండో అధ్యాయం ఈ పుస్తకానికి ప్రాణం. అందులో అప్పు మీద వడ్డీ లెక్కించే పాత క్లాసు ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నడిపించింది. మన ఆఫీసుల్లో కనబడే జబ్బులన్నీ దానికి ఉన్నాయి. గెట్‌ఇన్‌స్టెన్స్ ఉంది. స్టాటిక్ బ్లాకులో ఒక ప్రాపర్టీస్ ఫైలును ఫలానా చోటే ఉంటుందన్న ధీమాతో చదువుతుంది. ఈ రోజు తేదీ కావలసి వచ్చినప్పుడల్లా లోపలే కొత్త డేట్ ఆబ్జెక్టు చేసుకుంటుంది. డబ్బును డబుల్‌లో లెక్కేస్తుంది. ఫలితాలను హ్యాష్‌టేబుల్‌లో పెట్టి ఇస్తుంది. ఏదైనా తేడా వస్తే మైనస్ ఒకటి తిరిగిస్తుంది.

చాలామంది ఇక్కడే ఎడిటర్ తెరిచి బాగుచేయడం మొదలుపెడతారు. రచయిత్రి ముందు టెస్టులు రాస్తుంది. క్లాసు ఏం చేయాలో చెప్పే టెస్టులు కావవి, ఇప్పుడు ఏం చేస్తోందో పట్టుకునే టెస్టులు. మైకేల్ ఫెదర్స్ 2004లో లెగసీ కోడు మీద రాసిన పుస్తకంలో నేర్పిన పద్ధతి ఇది, ఆ రుణాన్ని ఆమె దాచుకోలేదు. అసలు, వడ్డీ రేటు, తేదీలు ఇచ్చి, వచ్చిన జవాబును యథాతథంగా టెస్టులో రాసుకోవడం. అలా రాస్తూ పోగా లీపు సంవత్సరం దగ్గర ఒకటి బయటపడుతుంది. 366 రోజుల ఏడాదిలోనూ పాత క్లాసు 365తోనే భాగిస్తోంది. సరిదిద్దాలని చెయ్యి దురదపెట్టే చోటు ఇది. ఆమె సరిదిద్దదు. అదీ టెస్టులో అలాగే రాసి, పక్కన ఒక కామెంటు పెట్టి ముందుకు సాగుతుంది. అది తప్పో ఒప్పో తేల్చాల్సింది అప్పు ఇచ్చిన బ్యాంకు, దాని ఒప్పందపత్రం. పొర కట్టేటప్పుడు లెక్క మార్చకూడదు. రెండూ ఒకే రిలీజులో కలిపితే, రేపు ఒక ఖాతాదారుడి వడ్డీ రూపాయి అటూ ఇటూ అయినప్పుడు ఏ మార్పు వల్ల అయిందో ఎవరూ చెప్పలేరు. ఈ క్రమశిక్షణ కోసమైనా ఈ అధ్యాయాన్ని ప్రతి టీములోనూ చదివించాలి.

ఆ తర్వాత ఇంటర్‌ఫేసు. పాత క్లాసులో పబ్లిక్ మెథడ్లు బోలెడు. ఐడీఈలో కుడిబటన్ నొక్కి ఎక్స్‌ట్రాక్ట్ ఇంటర్‌ఫేస్ అని అన్నిటినీ లాగేయొచ్చు. అలా చేయొద్దంటుంది రచయిత్రి, గట్టిగానే అంటుంది. కొత్త కోడుకు కావలసింది ఒక్కటే ప్రశ్న: ఈ ఖాతాకు ఈ తేదీ నాటికి వడ్డీ ఎంత? కాబట్టి ఇంటర్‌ఫేసులో ఒక్కటే మెథడ్. అది లోకల్‌డేట్ తీసుకుంటుంది, బిగ్‌డెసిమల్ ఇస్తుంది. పాత క్లాసు పేరు గానీ, హ్యాష్‌టేబుల్ గానీ, మైనస్ ఒకటి గానీ ఆ గీత దాటి ఇవతలికి రావు. మార్చే పని అంతా పొర చేస్తుంది. లోకల్‌డేట్‌ను పాత డేట్‌గా మార్చి లోపలికి పంపుతుంది, మైనస్ ఒకటి వస్తే అర్థవంతమైన ఎక్సెప్షన్ విసురుతుంది, డబుల్‌ను బిగ్‌డెసిమల్ చేసి ఇస్తుంది. ఇందులోనూ ఒక మెలిక చూపించింది. డబుల్‌ను నేరుగా బిగ్‌డెసిమల్ కన్‌స్ట్రక్టరుకు ఇస్తే 0.1 కాస్తా యాభైకి పైగా అంకెల తోకతో వస్తుంది. వాల్యూఆఫ్ వాడితే 0.1గానే వస్తుంది. ఇంత చిన్న విషయానికి అరపేజీ కేటాయించింది. వడ్డీ లెక్కల దగ్గర పనిచేసినవాళ్లకు ఆ అరపేజీ విలువ తెలుస్తుంది.

చివర్లో కంటైనరు. స్ప్రింగ్‌లో అయితే కాన్ఫిగరేషన్ క్లాసులో బీన్ అనోటేషన్ పెట్టిన ఒక మెథడ్. జూస్‌లో ప్రొవైడ్స్ మెథడ్, సీడీఐలో ప్రొడ్యూసర్ మెథడ్. ఆ మెథడ్ లోపల గెట్‌ఇన్‌స్టెన్స్ పిలిచి, వచ్చినదాన్ని పొర కన్‌స్ట్రక్టరుకు ఇచ్చి, పొరను తిరిగిస్తుంది. కొత్త కోడు మొత్తం మీద గెట్‌ఇన్‌స్టెన్స్ అన్న పిలుపు ఆ ఒక్క లైనులోనే ఉంటుంది. పాత క్లాసు మీద ఒక్క అనోటేషన్ కూడా పెట్టలేదు. సోర్సు లేని జార్ ఫైలుకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. మా ఊళ్లలో తాతలనాటి బావికి మోటారు బిగించి పైపు లాగినట్టే ఇది. వంటింట్లో కుళాయి తిప్పేవాళ్లకు బావి లోతుతో పని లేదు, బావిని ఎవరూ పూడ్చలేదు.

స్ప్రింగ్ పుట్టిందే ఈ పద్ధతిలోనని గుర్తుచేయడం కూడా నాకు బాగుంది. జేడీబీసీ 1997లో జేడీకే 1.1తో వచ్చింది. దాని ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌ను ప్రతిచోటా పట్టుకోవాలి, రిజల్ట్‌సెట్, స్టేట్‌మెంట్, కనెక్షన్ మూడూ వరుసగా మూసేయాలి. స్ప్రింగ్ వాళ్లు జేడీబీసీని తిరగరాయలేదు. జేడీబీసీటెంప్లేట్ అనే పొర కట్టారు. ఎక్సెప్షన్లను తమ భాషలోకి మార్చారు, మూసే పని తామే తీసుకున్నారు. పాతది కింద చెక్కుచెదరకుండా ఉంది. పొర కట్టడం తాత్కాలికపు అతుకు అనుకునే ఆర్కిటెక్టులు ఈ రెండు పేజీలు తప్పక చదవాలి.

నాలుగో అధ్యాయం నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. పొర కట్టాక వచ్చే ప్రమాదాల గురించిన అధ్యాయమిది. ఇంగ్లీషు పుస్తకాల్లోనూ ఇంత ఓపికగా చెప్పడం నేను తక్కువే చూశాను.

ఒక ప్రమాదం రెండు ప్రతులు. పాత సింగిల్టన్ క్లాసును తిన్నగా బీన్‌గా ప్రకటిస్తే ఏమవుతుంది? కన్‌స్ట్రక్టరు ప్రైవేటు కదా, స్ప్రింగ్ చేయలేదని చాలామంది ధీమా. స్ప్రింగ్ రిఫ్లెక్షన్‌తో ప్రైవేటు కన్‌స్ట్రక్టరును కూడా పిలవగలదు, పిలుస్తుంది. ఇప్పుడు అదే జేవీఎంలో రెండు ప్రతులు. పాత కోడు గెట్‌ఇన్‌స్టెన్స్‌తో ఒకటి పట్టుకుని ఉంది, కొత్త కోడుకు కంటైనరు ఇంకొకటి ఇచ్చింది. వడ్డీ రేటు మారిందని పాత స్క్రీనులో రిఫ్రెష్ నొక్కుతారు. పాత ప్రతిలో క్యాష్ మారుతుంది, కొత్త ప్రతిలో మారదు. ఒకే ఖాతాకు రెండు స్క్రీన్లలో రెండు వడ్డీలు. సర్వర్ రీస్టార్ట్ చేస్తే రెండూ సరిపోతాయి, కాబట్టి కారణం దొరకదు. ఇలాంటి బగ్గులు నెలల తరబడి తిరగడం నేనెరుగుదును.

ఇంకొకటి దీనికంటే లోతైనది. బీన్ మెథడ్ తిరిగిచ్చిన ఆబ్జెక్టులో క్లోజ్ అనో షట్‌డౌన్ అనో పేరున్న, ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ మెథడ్ ఉంటే, కంటెక్స్ట్ మూసేటప్పుడు స్ప్రింగ్ దాన్ని తనంతట తానే పిలుస్తుంది. మంచి ఉద్దేశంతో పెట్టిన సదుపాయమే. కానీ పాత సింగిల్టన్‌ను పొర లేకుండా బీన్‌గా తిరిగిస్తే, అందులో క్లోజ్ ఉంటే, చూడండి ఏమవుతుందో. టెస్టుల్లో ఒక కంటెక్స్ట్ మూసుకుపోయి ఇంకొకటి తెరుచుకుంటుంది. కొత్త కంటెక్స్ట్ గెట్‌ఇన్‌స్టెన్స్ అడుగుతుంది, స్టాటిక్ ఫీల్డులో ఉన్న అదే ఆబ్జెక్టు వస్తుంది. దాని కనెక్షన్లు అప్పటికే మూతపడ్డాయి. ఒక్కో టెస్టు విడిగా నడిపితే పాస్, అన్నీ కలిపి నడిపితే ఫెయిల్. మందు ఒక్క యాట్రిబ్యూటు: డిస్ట్రాయ్‌మెథడ్‌ను ఖాళీ స్ట్రింగుగా ఇవ్వడం. జబ్బు పేరు తెలిసినవాడికే మందు దొరుకుతుంది కాబట్టి రచయిత్రి ఆ జబ్బు లక్షణాలను లాగులో కనబడే క్రమంలోనే చెప్పింది.

స్టాటిక్ బ్లాకు సంగతీ అంతే. ప్రాపర్టీస్ ఫైలు లేని మెషీనులో ఆ క్లాసును మొదటిసారి తాకగానే ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్ వస్తుంది. రెండోసారి తాకితే నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్. సపోర్టువాళ్లు లాగు చివరి నుంచి చదువుతారు, రెండో ఎర్రర్ చూసి జార్ ఫైలు రాలేదనుకుని క్లాస్‌పాత్ వెతుకుతూ కూర్చుంటారు. జార్ అక్కడే ఉంటుంది. వెనక్కి వెళ్లి మొదటి ఎర్రర్ చూడమంటుంది ఈ పుస్తకం. పొర కట్టేటప్పుడు పాత క్లాసును అప్లికేషన్ లేచే సమయంలోనే ఒకసారి తాకి చూడమని, ఫైలు లేకపోతే అప్పుడే, అందరూ మెలకువగా ఉన్నప్పుడే తెలుస్తుందని సలహా ఇచ్చింది. అర్ధరాత్రి ఫోన్లు ఎత్తినవాళ్ల సలహా అది.

థ్రెడ్ల విషయం క్లుప్తంగానే ఉన్నా సరిపోతుంది. ఒకప్పుడు రిక్వెస్టుకొకటి చొప్పున న్యూ చేసిన ఆబ్జెక్టును ఇప్పుడు పొర ఒకే ఒకటిగా పట్టుకుంటే, స్ప్రింగ్ బీన్లు సహజంగానే సింగిల్టన్‌లు కాబట్టి, అన్ని థ్రెడ్లూ దాన్నే పంచుకుంటాయి. లోపల ఒక సింపుల్‌డేట్‌ఫార్మాట్ ఫీల్డు ఉంటే చాలు, ఒకరి తేదీ ఇంకొకరి రసీదు మీద పడుతుంది. ప్రోటోటైప్ స్కోప్ పెట్టినంత మాత్రాన తప్పిపోదు, సింగిల్టన్‌లోకి ఇంజెక్ట్ అయ్యేది ఒక్కసారే కదా. ప్రొవైడర్ తీసుకుని ప్రతిసారీ కొత్తది అడగాలి.

ట్రాన్సాక్షన్ల దగ్గర మాత్రం ఇంకొంచెం రాసి ఉండాల్సింది. పాత క్లాసు డ్రైవర్‌మేనేజర్ నుంచి సొంత కనెక్షన్ తెచ్చుకుంటుంటే, కొత్త కోడు రోల్‌బ్యాక్ చేసినా పాత క్లాసు రాసిన వరుస టేబుల్‌లో ఉండిపోతుంది. పాత క్లాసు డేటాసోర్సు తీసుకునే రకమైతే స్ప్రింగ్‌లోని ట్రాన్సాక్షన్‌అవేర్‌డేటాసోర్స్‌ప్రాక్సీ సరిగ్గా ఇందుకే ఉంది. అదీ కుదరనప్పుడు పొర చేయగలిగింది లేదు. ఆ సంగతి పొర మీద జావాడాక్‌లో స్పష్టంగా రాయాలి, టీములో అందరికీ చెప్పాలి. రెండో ముద్రణలో ఈ భాగం పెంచుతానని ఆమె నాకు మాట ఇచ్చింది.

నాకు భేదాభిప్రాయం ఉన్న చోటు కూడా చెప్పాలి. ముందుమాట రాసేవాడు పొగడ్తలతో సరిపెడితే పాఠకుడికి న్యాయం చేసినట్టు కాదు. రచయిత్రి స్టాటిక్ మెథడ్ కనబడితే చాలు, పొర కట్టమంటుంది. పాన్ నంబరు సరైన రూపంలో ఉందో లేదో చూసే స్టాటిక్ మెథడ్ ఉందనుకోండి. అది ఏ ఫైలూ చదవదు, ఏ డేటాబేసూ తాకదు, గడియారం చూడదు. ఇచ్చిన స్ట్రింగుకు ఎప్పుడూ ఒకే జవాబిస్తుంది. దానికి ఇంటర్‌ఫేసు, అడాప్టరు, బీన్ మెథడ్, టెస్టులో మాక్ అంటూ నాలుగు ఫైళ్లు పెంచితే తర్వాత వచ్చేవాడికి భారం. బయటి ప్రపంచాన్ని తాకే క్లాసుకే పొర కావాలని నా అభిప్రాయం: గడియారం, ఫైలు, నెట్‌వర్కు, డేటాబేసు, దాచుకున్న స్థితి. గడియారానికైతే 2014లో జావా 8తో వచ్చిన క్లాక్ క్లాసు సిద్ధంగా ఉంది, పొర సొంతంగా కట్టనక్కర్లేదు, ఇంజెక్ట్ చేస్తే చాలు. ఈ విషయం మీద మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఆమె తన మాట మీదే నిలబడింది. తన అనుభవం మీద నమ్మకం ఉన్న రచయిత అలాగే ఉండాలి. నా అభ్యంతరం ఇక్కడ నమోదు చేసి, తీర్పు పాఠకులకు వదులుతున్నాను.

కన్‌స్ట్రక్టరు ఇంజెక్షన్ మీద మాత్రం మాకు తేడా లేదు. ఫీల్డు మీద అనోటేషన్ పెట్టేస్తే రాయడం సులువు. కానీ పొర అన్నది కంటైనరు లేకుండా కూడా బతకాలి. టెస్టులో న్యూ అని పిలిచి నకిలీది చేతికిస్తే పనిచేయాలి. కన్‌స్ట్రక్టరుకు పది ఆర్గ్యుమెంట్లు అవసరమైతే ఆ క్లాసు పది పనులు చేస్తోందని కళ్లెదుటే కనబడుతుంది. ఫీల్డుల్లో పెడితే దాగిపోతుంది. రెండు క్లాసులు ఒకదాన్నొకటి అడగడం కూడా కన్‌స్ట్రక్టరులో వెంటనే బయటపడుతుంది. 2021 చివర్లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 2.6 నుంచి అలాంటి చక్రాలను డిఫాల్టుగానే నిషేధించారు. అప్పుడు ఎన్ని పాత ప్రాజెక్టులు అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయాయో ఆ పని చేసినవాళ్లకు తెలుసు.

ఆరో అధ్యాయంలోని జకార్తా మార్పు గురించి ఒక మాట. 2020లో జకార్తా ఈఈ 9తో జావాఎక్స్ అన్న ప్యాకేజీ పేర్లు జకార్తాగా మారాయి. 2022లో స్ప్రింగ్ 6 ఆ కొత్త పేర్లకు మారింది, జావా 17 కావాలంది. ఇంజెక్ట్ అనోటేషన్లను కొత్త పేరుకు మార్చాలంటే, పాత క్లాసుల మీదే వాటిని చల్లుకుంటూ పోయినవాళ్లు వందల ఫైళ్లు తెరవాల్సి వచ్చింది. కాన్ఫిగరేషన్ క్లాసులో బీన్ మెథడ్లతో పొరలు కట్టినవాళ్లు ఆ కొద్ది ఫైళ్లతో బయటపడ్డారు. సర్వ్‌లెట్‌ను నేరుగా వాడే కోడును మార్చడం ఎలాగూ ఎవరికైనా తప్పదు, అది వేరే సంగతి. పొర కట్టిన లాభం కట్టిన ఏడాదే కనబడకపోవచ్చు. ఇలాంటి రోజున కనబడుతుంది.

మొత్తం తిరగరాద్దాం అనే మాట గురించి కూడా ఈ పుస్తకం మర్యాదగా, నిక్కచ్చిగా మాట్లాడింది. ఒక బీమా సంస్థలో అలాంటి తిరగరాత దగ్గర నేను పనిచేశాను. అన్నీ కొత్తగా, శుభ్రంగా అన్నారు. కొత్తది పూర్తయ్యేలోపు నిబంధనలు మారేవి, ఆ మార్పులు పాతదానిలోనూ చేయాలి, కొత్తదానిలోనూ చేయాలి. పాత కోడులోని ఒక్కో వింత ఇఫ్ వెనుక ఒక్కో ఖాతాదారుడి ఫిర్యాదు ఉందని, అది కాగితం మీద ఎక్కడా లేదని తిరగరాసేవాళ్లకు తెలిసేసరికి డబ్బు అయిపోయింది. నేను బయటికి వచ్చేనాటికి ప్రొడక్షన్‌లో నడుస్తున్నది పాతదే. పొర కట్టే దారిలో ఈ ప్రమాదం లేదు. ఒక్కో పొర వెనుక ఉన్న పాత క్లాసును వీలున్నప్పుడు మార్చుకోవచ్చు, ఆ రోజు ఇంటర్‌ఫేసు ఇవతలివాళ్లెవరికీ తెలియను కూడా తెలియదు. పాత జవాబులు రాసిపెట్టుకున్న టెస్టులు కొత్త క్లాసుకూ అలాగే పనికొస్తాయి.

ఇంకొక అధ్యాయం ఉంటే బాగుండుననిపించింది. ఈ పుస్తకం ఎక్కువగా కొత్త కోడు పాతదాన్ని పిలిచే దారినే చూపింది. పాత కోడే న్యూ అని పుట్టిన ఆబ్జెక్టు లోపల నుంచి కంటైనరులోని కొత్త బీన్‌ను అడగాల్సిన పరిస్థితి కూడా వస్తుంది, తరచుగానే వస్తుంది. కంటెక్స్ట్‌ను ఒక స్టాటిక్ ఫీల్డులో పెట్టి అందించడం అందరూ చేసే పని. దాన్ని ఎక్కడ ఆపాలి, ఎలా ఒకే చోటికి పరిమితం చేయాలి అన్నది ఆమె కలం నుంచి వినాలని ఉంది. రెండో భాగం రాయమని ఇక్కడ పదిమంది ఎదుట అడుగుతున్నాను.

ఆమె తెలుగు గురించి కూడా చెప్పాలి. ఆఫీసులో మనం మాట్లాడుకునే తెలుగే ఇందులో ఉంది. ఇంటర్‌ఫేసు ఇంటర్‌ఫేసుగానే ఉంది, బగ్గు బగ్గుగానే ఉంది, వాక్యం మాత్రం అచ్చంగా మనది. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీ తర్వాత జావా నేర్చుకుని, ఇంగ్లీషు డాక్యుమెంటేషన్ ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పిల్లలు మన జిల్లాల నుంచి ఎంతోమంది వస్తున్నారు. వాళ్లకు తెలివి తక్కువ కాదు. పక్కన కూర్చుని తమ మాటలో చెప్పే సీనియర్ దొరకడం కష్టం, అంతే. ఈ పుస్తకం అలాంటి సీనియర్.

పాఠకులకు నా మనవి ఒక్కటి. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన చదవకండి. రెండో అధ్యాయం చదివి ఆపండి. మీ ప్రాజెక్టులో గెట్‌ఇన్‌స్టెన్స్ అని వెతకండి. వచ్చిన జాబితాలో గడియారాన్నో ఫైలునో తాకే చిన్న క్లాసు ఒకటి ఎంచుకోండి, అందరూ భయపడే పెద్ద క్లాసు జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది ఇప్పుడు ఇస్తున్న జవాబులకు టెస్టులు రాయండి. ఆ తర్వాతే పొర కట్టండి. అది ప్రొడక్షన్‌లోకి వెళ్లేలోపు నాలుగో అధ్యాయం తప్పకుండా చదవండి.